బంగారికి పిల్లలు వద్దనుకున్నాం

బంగారి ఎడమకాలిని డాక్టరుగారు మెల్లగా చాపి, బొటనవేలితో మోకాటి చిప్పను లోపలివైపుకి నెట్టారు. అది చిన్న గులకరాయిలా పక్కకు జారిపోయింది. శబ్దం కూడా లేదు, వేలికి తెలిసేంత 'టక్' మాత్రమే. నా వేలు తీసుకుని అక్కడ పెట్టి "మీరూ చూడండమ్మా" అన్నారు. ఈసారి నెట్టనే లేదు. కాలు కాస్త తిప్పగానే చిప్ప దానంతటదే గాడి తప్పి, మళ్లీ దానంతటదే వచ్చి కూర్చుంది. బంగారి నా మొహంలోకి చూస్తూ తోక ఊపుతూనే ఉంది. దానికి నొప్పేమీ లేదు. డాక్టరుగారు చీటీ మీద 'ఎడమ, గ్రేడ్ 2' అని రాశారు.

అప్పటికి బంగారికి 14 నెలలు. మా ఇంట్లోనే పుట్టిన పొమెరేనియన్. నారింజ రంగు బొచ్చు, ఇంతింత చెవులు, నడిస్తే నేల మీద కాలు ఆనుతుందా అనిపించే నడక. చూసినవాళ్లంతా "దీని పిల్లల్లో ఒకటి మాకే" అని ముందే చెప్పి పెట్టుకున్నారు. నేనూ ఆ ఆశతోనే ఉన్నాను. రెండేళ్లు నిండాక మంచి మగకుక్కను చూసి మేటింగ్ చేయించాలని పేర్లు కూడా రాసుకున్నాను. ఆ రోజు ఇంటికొచ్చి అదే నోట్‌బుక్‌లో ఆ పేర్లన్నీ కొట్టేసి 'బంగారికి బ్రీడింగ్ లేదు' అని రాశాను. రాసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

చిన్న జాతి కుక్కలకు పిల్లలు తీయాలనుకునేవాళ్లు నాకు తరచు మెసేజ్‌లు పెడుతుంటారు. అందరూ అడిగేది ఒకటే, "మంచి మగకుక్క ఉంటే చెప్పండి" అని. వాళ్లకు విడివిడిగా జవాబు రాసే బదులు, బంగారి సంగతి మొత్తం ఒకచోట రాద్దామనుకున్నాను. మగకుక్కను వెతికే ముందు 'నా కుక్క అసలు తల్లి కావాలా' అని తేల్చుకోవాలి. ఆ ప్రశ్న నేను చాలా ఆలస్యంగా వేసుకున్నాను.

ముందు ఆ మోకాలి సంగతి చెబుతాను. తొడ ఎముక చివర మోకాటి చిప్ప జారుతూ కదలడానికి ఒక గాడి ఉంటుంది. చిన్న జాతుల్లో చాలా కుక్కలకు ఆ గాడి సరిపడా లోతు ఉండదు, కాలి ఎముకల వరుస కూడా కాస్త తిరిగి ఉంటుంది. అందుకే చిప్ప లోపలివైపుకి జారుతుంది. దీన్నే పటెల్లార్ లక్సేషన్ అంటారు. పొమెరేనియన్, చివావా, యార్క్‌షైర్ టెరియర్, టాయ్ పూడుల్ పెంచేవాళ్లలో దీని పేరు విననివాళ్లు తక్కువ. దీనికి నాలుగు గ్రేడ్లు. నెడితేనే జారి, వదలగానే వెనక్కి వచ్చేస్తే ఒకటి. దానంతటదే అప్పుడప్పుడు జారి సర్దుకుంటే రెండు. ఎప్పుడూ పక్కనే ఉండి, చేత్తో నెడితే గాని గాడిలోకి రాకపోతే మూడు. ఎంత నెట్టినా రాకపోతే నాలుగు. మూడు, నాలుగు అంటే చాలాసార్లు ఆపరేషన్ దాకా వెళ్తుంది. పరుగెత్తుతూ ఉన్నట్టుండి ఒక వెనక కాలు ఎత్తేసి, రెండు గెంతులు గెంతి, మళ్లీ మామూలుగా పరుగెత్తే చిన్న కుక్కను మీరు చూసే ఉంటారు. చిప్ప జారినప్పుడు అలా గెంతుతాయి. బంగారి ఏడో నెల నుంచి మెట్ల దగ్గర అలాగే గెంతేది. నాకు ముద్దొచ్చి వీడియో తీసి అందరికీ పంపాను. ఆ వీడియో ఇంకా ఫోన్‌లో ఉంది, చూడబుద్ధి కాదు.

ఇది వంశంలో వచ్చే జబ్బే. కానీ ఏదో ఒక్క జన్యువు వల్ల వచ్చేది కాదు కాబట్టి, రక్తం పంపించి తేల్చుకునే డీఎన్‌ఏ పరీక్ష దీనికి లేదు. అనుభవమున్న డాక్టరు చేయి పెట్టి చూడాల్సిందే, అదీ ఏడాది నిండాక. ఇంకో చిక్కు కూడా ఉంది. తల్లిదండ్రుల మోకాళ్లు బాగున్నా కొన్ని పిల్లల్లో బయటపడొచ్చు. తోబుట్టువులవి, ముందు కాన్పు పిల్లలవి, కుదిరితే తాతల తరానివి కూడా తెలుసుకుంటే తప్ప ఆ లైన్, అంటే ఆ వంశం ఎలాంటిదో అర్థం కాదు. అందమైన ఒక్క కుక్కను చూసి నిర్ణయం తీసుకోకూడదని పెద్ద బ్రీడర్లు ఎందుకంటారో నాకు అప్పుడు తెలిసింది.

మర్నాడే బంగారి తల్లి సిరిని తీసుకెళ్లాను. దానికి కుడి మోకాలు గ్రేడ్ 1. అంటే తప్పు నాది. సిరికి ఒక్క పరీక్ష కూడా చేయించకుండా రెండు కాన్పులు చేయించాను. సిరిని కొన్నప్పుడు అమ్మినాయన "పెడిగ్రీ పేపర్లు ఉన్నాయి కదమ్మా, ఇంకేం కావాలి" అన్నాడు. నేనూ ఇంకేం అక్కర్లేదనుకున్నాను. పెడిగ్రీ అంటే వంశవృక్షం, అంతే. ఎవరికి ఎవరు పుట్టారో చెబుతుంది. గుండె ఎలా కొట్టుకుంటుందో, కళ్లు ఎన్నేళ్లు చూస్తాయో, మోకాళ్లు గాడిలో ఉంటాయో లేదో ఆ కాగితం మీద ఉండదు.

సిరి మొదటి కాన్పుకే నాకు బుద్ధి రావాల్సింది. 55వ రోజున ఎక్స్‌రే తీస్తే కడుపులో ఒకే ఒక్క కూన. చిన్న జాతుల్లో ఇది అరుదేమీ కాదు. ఒక్కటే కదా, సులువుగా అయిపోతుందని సంబరపడ్డాను. సంగతి దానికి పూర్తిగా తిరగబడి ఉంటుందని డాక్టరుగారు చెప్పారు. కాన్పు మొదలవ్వమని తల్లి ఒంటికి కబురు పంపేది కడుపులోని పిల్లలే. ఒక్క పిల్ల పంపే కబురు ఒక్కోసారి చాలదు. నొప్పులు రావు, రోజులు గడిచిపోతాయి. పైగా చోటంతా తనదే కాబట్టి ఆ ఒక్క కూన బాగా పెరిగి, చిన్న తల్లికి బయటికి రావడం కష్టమవుతుంది. మేటింగ్ రోజు నుంచి లెక్క వేసుకుంటే తప్పు పోతుందని కూడా అప్పుడే తెలిసింది. మగకుక్క బీజం ఆడకుక్క ఒంట్లో కొన్ని రోజులు బతికుంటుంది. అందుకని అండం విడుదలైన రోజు నుంచి 63 రోజులు లెక్క పెట్టాలి. అది తెలియాలంటే హీట్‌లో, అంటే ఎదకు వచ్చి ఉన్నప్పుడే ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్‌కు రక్తపరీక్ష చేయించి ఉండాలి. నేను చేయించలేదు. రోజుకు మూడుసార్లు సిరికి టెంపరేచర్ చూస్తూ కూర్చున్నాను. మామూలుగా 38 డిగ్రీల పైన ఉండేది 37.2 కంటే కిందికి దిగితే ఒక రోజులోపు నొప్పులు మొదలవుతాయని గుర్తు. అది దిగింది, మళ్లీ పైకి ఎక్కింది, నొప్పులు మాత్రం రాలేదు. చివరికి సిజేరియన్. రెండు కిలోల ఆరువందల గ్రాముల ప్రాణానికి మత్తు ఇవ్వడమంటే ఏమిటో ఆపరేషన్ గది బయట నిలబడితే తెలుస్తుంది. తల్లీపిల్లా ఇద్దరూ దక్కారు.

రెండో కాన్పు మామూలుగానే అయింది. ముగ్గురు. పుట్టగానే ఒక్కొక్కరినీ గిన్నెలో మెత్తటి గుడ్డ వేసి తూచాను. మగపిల్ల 128 గ్రాములు, ఆడపిల్లలు 119, 84. ఆ 119 గ్రాములదే బంగారి. 84 గ్రాములది నా అరచేతిలో పడుకుంటే వేళ్ల దాకా కూడా రాలేదు. మొదటి రోజు కూనలు కాస్త తగ్గినా కంగారు లేదు గానీ ఆ తర్వాత రోజూ పెరగాలి, పది రోజులు తిరిగేసరికి పుట్టినప్పటి బరువు రెట్టింపు కావాలి. నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీసి పొద్దునా సాయంత్రం రాసేదాన్ని. రెండు గళ్లలో అంకెలు ఎక్కుతున్నాయి. మూడో గడిలో 84, తర్వాత 80, తర్వాత 77.

మూడో రాత్రి అది తల్లి పక్కన లేదు. పెట్టెలో ఓ మూలకు ఒంటరిగా పాకి అక్కడే పడి ఉంది. చేతిలోకి తీసుకుంటే చల్లగా తగిలింది. నోట్లో వేలు పెట్టినా చప్పరించడం లేదు, సన్నగా మూలుగుతోంది. నేను ఆకలి అనుకున్నాను. డ్రాపర్‌తో కూనలకిచ్చే పాలు నాలుగు చుక్కలు పట్టాను. కాసేపటికి ఆ పాలు ముక్కులోంచి వచ్చాయి. తెల్లవారేసరికి పోయింది.

డాక్టరుగారు నన్నేమీ అనలేదు. నెమ్మదిగా చెప్పారు. పుట్టిన మొదటి వారం కూనకు వణకడం కూడా రాదు, తన వేడి తాను నిలుపుకోలేదు. ఒళ్లు చల్లబడితే పేగుల కదలిక ఆగిపోతుంది, మింగే శక్తి పోతుంది. అప్పుడు పట్టిన పాలు అరగవు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అందుకే చల్లబడిన కూనకు ముందు వెచ్చదనం, ఆ తర్వాతే పాలు. అది కూడా మంట దగ్గర పెట్టినట్టు ఒక్కసారిగా కాదు, మన ఒంటికి హత్తుకుని గంటకు పైగా మెల్లమెల్లగా. ఇది చదివేవాళ్లు ఇంకేమీ గుర్తు పెట్టుకోకపోయినా ఫర్వాలేదు, దీన్ని మాత్రం గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు మా కాన్పు పెట్టెలో మొదటి వారం 30 డిగ్రీలు ఉండేలా చూస్తాను. పెట్టెలో ఒక వైపు మాత్రమే వేడి, రెండో వైపు చల్లగా వదిలేస్తాను, తల్లికి ఉక్కపోత లేకుండా. థర్మామీటర్ పెట్టె గోడకే కట్టి ఉంటుంది. 77 అని రాసిన ఆ పేజీ చింపలేదు.

అంతటితో అయిపోలేదు. 19వ రోజు సాయంత్రం సిరి పిల్లల్ని వదిలేసి గదిలో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది. నాలుక బయటపెట్టి రొప్పుతోంది. మొహాన్ని నేలకు రుద్దుకుంటోంది. పాలిచ్చి అలిసిపోయిందేమో అనుకునేలోపే కాళ్లు బిగుసుకుపోయి ఒళ్లంతా వణుకు. ఆస్పత్రికి చేరేసరికి జ్వరం 40 దాటింది. రక్తంలో కాల్షియం పడిపోయింది, దీన్ని ఎక్లాంప్సియా అంటారు. పాలిచ్చే చిన్న జాతి తల్లులకు ఎక్కువగా మొదటి నాలుగు వారాల్లో వస్తుంది, ఆలస్యమైతే ప్రాణం పోతుంది. గుండె మీద స్టెతస్కోప్ పెట్టి వింటూ, నరంలోకి చుక్కచుక్కగా కాల్షియం ఎక్కించారు. ఇరవై నిమిషాల్లో వణుకు తగ్గి, నా చేయి నాకింది. అది కడుపుతో ఉన్నన్నాళ్లూ నేను రోజూ కాల్షియం టానిక్ పట్టాను, బలమని ఎవరో చెబితే. చేయకూడని పని అదే. బయటి నుంచి కాల్షియం అందుతూ ఉంటే, ఎముకల్లోంచి తీసుకునే పనిని ఒళ్లు తగ్గించేస్తుంది. పాలు పడి ఒక్కసారిగా అవసరం పెరిగినప్పుడు ఆ ఏర్పాటు వెంటనే అందుకోలేదు. కడుపుతో ఉన్నప్పుడు మంచి ఆహారం చాలు. టానిక్‌లు డాక్టరు చెబితేనే.

ఇన్ని చూశాక కూడా నేను బంగారి పిల్లల కోసం కలలు కన్నానంటే, ఆ కూనల ముచ్చట అలాంటిది. ఆ మాట నిజాయితీగా ఒప్పుకోవాలి.

బంగారికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేద్దామనుకుంటున్నానని చెప్పగానే అత్తయ్య బాధపడ్డారు. "ఒక్క కాన్పైనా కానివ్వవే అమ్మాయ్, ఆడపుట్టుక పుట్టాక ఒక్కసారైనా తల్లి కాకపోతే దాని ఒంటికి మంచిది కాదంటారు" అన్నారు. ఈ మాట నాకు ఎంతమంది చెప్పారో లెక్క లేదు. ఒక్కసారి పిల్లలు పెడితే కుక్క ఆరోగ్యం బాగుపడుతుందన్నది నిజం కాదు. అత్తయ్యను పక్కన కూర్చోబెట్టుకుని సిరి నోట్‌బుక్ మొత్తం చూపించాను. సిజేరియన్ రోజు, 77 గ్రాముల పేజీ, కాల్షియం రాత్రి. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని "సరే, నువ్వే చేయించు" అన్నారు. ఇప్పుడు బంగారి ఆవిడ మంచం దిగదు. దూకితే మోకాలికి మంచిది కాదని, మంచం పక్కన చిన్న మెట్టు కూడా ఆవిడే చేయించారు.

బంగారి అన్నను తీసుకెళ్లిన కుటుంబానికి ఫోన్ చేయడం అన్నిటికంటే కష్టమైంది. మూడు రోజులు వాయిదా వేశాను. చివరికి "మీవాడి మోకాళ్లు ఒకసారి చూపించండి, ఖర్చు నాది, వాడికి మాత్రం మేటింగ్ చేయించకండి" అని చెప్పాను. వాడివి రెండూ మామూలుగానే ఉన్నాయట. ఆ ఇంటావిడ కోప్పడలేదు. మొదటి కాన్పు కూనను తీసుకెళ్లినవాళ్లకూ ఇదే చెప్పాను. పిల్లను చేతిలో పెట్టి డబ్బు తీసుకున్నాక మన బాధ్యత అయిపోలేదని, ఏళ్ల తర్వాత కూడా ఇలాంటి ఫోన్ చేయాల్సి రావచ్చని పిల్లలు తీయాలనుకునేవాళ్లు ముందే తెలుసుకోవాలి.

తండ్రి కుక్క యజమానికి కూడా చెప్పాను. ఆయన "ఎన్నో లిట్టర్లు పుట్టాయి, ఎవరూ కంప్లైంట్ ఇవ్వలేదు" అన్నాడు. ఎన్ని లిట్టర్లో ఆయనకే లెక్క లేదు. షోలో గెలిచిన ఒక్క మగకుక్కతోనే అందరూ మేటింగ్ చేయిస్తే, దానిలో దాక్కున్న లోపం కొన్నేళ్లలో జాతి అంతటా పాకుతుంది. బయటపడేసరికి దాని పిల్లలు, మనవలు అన్నిచోట్లా ఉంటాయి. పైగా ఆ చుట్టుపక్కల పుట్టినవన్నీ ఒకదానికొకటి బంధువులే. పేపర్ల మీద పేర్లు వేరుగా ఉన్నా మూడో తరంలో ఒకే పేరు రెండు వైపులా కనిపిస్తుంది. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ ఒకే పూర్వీకుడి జన్యువే వచ్చే అవకాశాన్ని రక్తసంబంధం లెక్కగా చూస్తారు. సొంత అన్నాచెల్లెళ్లకు పుట్టిన కూనలో అది 25 శాతం. తండ్రో తల్లో ఒకరే ఉమ్మడిగా ఉన్నవాటికి పుడితే 12.5. కజిన్లకు పుడితే 6.25. ఇప్పుడు ఏ మేటింగ్ అనుకున్నా కనీసం ఐదు తరాలు కాగితం మీద వేసి ఈ అంకె చూసుకుంటాను. అంకె తక్కువ ఉండటం ఒక్కటే చాలదు, కానీ ఎక్కువ ఉంటే ఇక మిగతాది చూడను.

డీఎన్‌ఏ పరీక్షలున్న జబ్బుల సంగతి వేరు. కొంత ఊరట అక్కడే ఉంది. టాయ్ పూడుల్ లాంటి జాతుల్లో మెల్లగా చూపు పోయే ఒక కంటి జబ్బుంది. లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే జబ్బు. ఒక వైపు నుంచే వస్తే ఆ కుక్క క్యారియర్, జీవితాంతం చక్కగా చూస్తుంది. క్యారియర్‌ను, ఆ లోపం అసలు లేని క్లియర్ కుక్కతో కలిపితే ఒక్క పిల్లకూ జబ్బు రాదు. రెండు క్యారియర్లను కలిపితే ప్రతి పిల్లకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. పరీక్ష చేయించకపోతే ఏవి రెండూ కలుస్తున్నాయో ఎవరికీ తెలియదు. ఇక్కడ నాకొక అభిప్రాయం ఉంది, కొందరికి నచ్చదు. క్యారియర్ అని తేలగానే మంచి కుక్కను పక్కన పెట్టేయకూడదు. ఇప్పటికే చిన్నదైపోయిన వంశంలోంచి అన్నిటినీ తీసేస్తూ పోతే చివరికి మిగిలేవన్నీ దగ్గరి బంధువులే.

మెర్ల్ రంగు దగ్గర మాత్రం నాకు రెండో ఆలోచన లేదు. లేత, ముదురు మచ్చలు కలిసిన ఆ రంగు కోసం రెండు మెర్ల్ కుక్కల్ని కలిపితే, నాలుగింట ఒక వంతు పిల్లలకు ఆ జన్యువు రెండు వైపులా వచ్చి చెవుడుతోనో గుడ్డితనంతోనో, కొన్ని రెండిటితోనో పుట్టొచ్చు. రంగు కోసం కూనకు ఆ బతుకు ఇవ్వడం పాపం. అలా అడిగినవాళ్లకు నేను మర్యాదగానే చెబుతాను, కానీ ఖచ్చితంగా కుదరదని చెబుతాను.

'టీకప్ కావాలి', అంటే టీకప్పులో పట్టేంత చిన్న కుక్క కావాలి అనే మెసేజ్‌లు వారానికి రెండైనా వస్తాయి. టీకప్ అనే సైజు ఏ పెద్ద కెన్నెల్ క్లబ్ ప్రమాణాల్లోనూ లేదు. పొమెరేనియన్‌కు అమెరికన్ కెన్నెల్ క్లబ్ చెప్పే బరువే 3 నుంచి 7 పౌండ్లు, అంటే దాదాపు 1.4 నుంచి 3.2 కిలోలు. ఈ జాతి మొదట్లో ఇంత చిన్నది కూడా కాదు. బాల్టిక్ సముద్రపు ఒడ్డున ఉన్న పొమెరేనియా నుంచి వచ్చినవి ఇప్పటివాటికి ఎన్నో రెట్లు పెద్దవి. విక్టోరియా రాణి 1888లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో మార్కో అనే చిన్న పొమ్‌ను ముచ్చటపడి తెచ్చుకుంది. అది దాదాపు 12 పౌండ్లు, ఇవాళ్టి లెక్కలో పెద్దదే. రాణిగారు పెంచుకుంటున్నదని అందరూ చిన్నవే కోరుకున్నారు, బ్రీడర్లు చిన్నవాటినే ఏరి కలుపుతూ పోయారు. మనుషుల కోరికే ఆ జాతిని అంత కుదించింది. ఇంకా కుదించమంటే ఏమవుతుందో చూస్తున్నాం. నడినెత్తిన ఎముక పూడదు. ఒంట్లో చక్కెర నిల్వ ఉండక, ఓ పూట తినకపోతే తూలి పడిపోతాయి. ఆడదైతే కాన్పే గండం. నా మటుకు నేను రెండున్నర కిలోలకు తగ్గిన ఆడకుక్కకు పిల్లలు తీయను. అడిగినవాళ్లకు ఇదంతా రాసి పంపుతాను. చాలామంది మళ్లీ పలకరు. ఒకామె మాత్రం ఏడు నెలల తర్వాత ఓ షెల్టర్ నుంచి పెద్ద వయసు కుక్కను తెచ్చుకుని ఫొటో పంపింది. ఆ రోజంతా సంతోషంగా గడిచింది.

మా అమ్మాయికి కావలియర్ కింగ్ చార్ల్స్ స్పానియల్ అంటే ప్రాణం. తర్వాత కుక్క అదే కావాలంది. ఇద్దరం కూర్చుని చదివాం. ఆ జాతిలో గుండె కవాటం పాడవడం చాలా ఎక్కువ, చిన్న వయసులోనే మొదలవుతుంది. కొన్నిటికి మెదడుకు తగ్గ చోటు పుర్రెలో ఉండక, వెన్నుపాములో నీటి సంచులు ఏర్పడి నొప్పితో మెడ గోక్కుంటూ ఉంటాయి. నార్వేలో జంతు సంరక్షణ సంఘం దీని మీద కోర్టుకు వెళ్లింది. ఇప్పుడున్న కావలియర్లను వాటిలో వాటికే కలిపి పిల్లలు తీయడం అక్కడి జంతు సంక్షేమ చట్టానికి విరుద్ధమని 2023 అక్టోబరులో ఆ దేశపు సుప్రీంకోర్టు తేల్చింది. వేరే జాతితో శాస్త్రీయంగా సంకరం చేసి బాగుచేసే దారి మాత్రం మూసేయలేదు. మా అమ్మాయి చదివి ఏడ్చింది. "అంత మంచి మొహం ఉన్నదానికి అంత నొప్పి ఎందుకమ్మా" అంది. నేనేం చెప్పను? ఆ మొహం కోసమే కదా ఏరి ఏరి కలిపారు.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు పెట్టేది మల్లి ఒక్కటే. సిరి లైన్‌తో సంబంధం లేనిది. దాన్ని ఇచ్చిన బ్రీడర్ తల్లిదండ్రుల మోకాళ్ల రిపోర్టులు, గుండె, కళ్ల రిపోర్టులు నేనడగకముందే చేతిలో పెట్టింది, నన్ను మాత్రం గంటసేపు ప్రశ్నలు వేసింది. మల్లికి రెండేళ్లు నిండాక, మోకాళ్లు రెండూ బాగున్నాయని రాయించుకున్నాకే మగకుక్కను వెతికాను. ఎనిమిది నెలలు పట్టింది. మేటింగ్‌లో ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే బ్రుసెల్లా అనే బాక్టీరియా ఉందేమోనని రెండిటికీ పరీక్ష చేయించాం. కాన్పు తేదీ ప్రొజెస్టెరాన్‌తో లెక్కవేశాం. ఇద్దరు కూనలు పుట్టారు, 141, 136. పదో రోజు తూచినప్పుడు రెండూ రెట్టింపు దాటాయి. ఆ అంకెలు రాస్తుంటే నా చేయి వణికింది.

కళ్లు రెండో వారంలో తెరుచుకుంటాయి, చెవులు మూడో వారంలో. ఆ తర్వాత పన్నెండో వారం దాకా కూన చూసినవీ విన్నవీ దాని స్వభావంగా మిగిలిపోతాయి. అందుకే ఆ రోజుల్లో ఇల్లంతా వాటిదే. మిక్సీ చప్పుడు, తలుపు గంట, గొడుగు తెరవడం, కర్ర పట్టుకుని నడిచే తాతగారు, పరుగెత్తే పిల్లలు, రకరకాల నేలలు, పళ్లు చూడనివ్వడం, గోళ్లు కత్తిరించనివ్వడం. ఎనిమిది వారాలకే ఇచ్చేయమంటారు చాలామంది. చిన్న జాతి కూనల్ని నేను పన్నెండు వారాలు నిండాకే ఇస్తాను. తీసుకునేవాళ్లు ఇంటికొచ్చి తల్లిని చూడాలి. ఇంగ్లండ్‌లో దీనికోసం 2020 నుంచి చట్టమే ఉంది. ఆరు నెలల లోపు కూనల్ని పెంచినవాళ్లే అమ్మాలి, మధ్యలో వ్యాపారి ఉండకూడదు. పిల్లల్ని పెట్టించే ఫారంలో నలిగిపోయి బయటపడ్డ లూసీ అనే కావలియర్ పేరు మీదే జనం ఆ చట్టాన్ని పిలుస్తారు. నేను కాగితం మీద రాయించుకునేది ఒకటే ముఖ్యం. ఏ వయసులోనైనా, ఏ కారణం చేతనైనా పెంచలేకపోతే కుక్క తిరిగి నా దగ్గరికే రావాలి. దానికి నా ఇంట్లో చోటు ఎప్పుడూ ఉండాలి కాబట్టి ఇన్నింటికి మించి పిల్లలు తీయకూడదని నాకు నేనే ఒక లెక్క పెట్టుకున్నాను.

మల్లి కూనల్లో ఒక ఆడపిల్లను ఉంచుకున్నాం. మొన్నటికి దానికి పదకొండు నెలలు. నడక చూస్తే బంగారి గుర్తొస్తుంది, ఇద్దరికీ బంధుత్వం లేకపోయినా. వచ్చే నెల ఏడాది నిండగానే మోకాళ్లు చూపించడానికి డాక్టరుగారి దగ్గర టైమ్ తీసుకున్నాను. ఈసారి దాని నోట్‌బుక్‌లో మగకుక్కల పేర్లేవీ రాయలేదు. ఇది రాస్తుంటే బంగారి ఆ చిన్న మెట్టు మీంచి ఒక్కొక్క అడుగే వేసుకుంటూ అత్తయ్య మంచం మీదికి ఎక్కుతోంది. ఎడమకాలు నిన్నా ఇవాళా జారలేదు.